ప్లేటు లేని మాస్సీ 35: పాత సామాను వెతుకులాటపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులో బండి మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్. ఎర్ర బానెట్, బూడిద రంగు ఛాసిస్, మూడు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజిన్. చాలా ఏళ్లు కదలకుండా పడి ఉంది. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతుంది, స్టార్ట్ కాదు. వెనక నాగలిని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ పనిచేయదు. డాష్‌బోర్డులో ట్రాక్టర్ మీటర్ (ఇంజిన్ వేగం, పని గంటలు చూపించేది) లేదు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది సీరియల్ నంబర్ ప్లేటు ఊడిపోయి ఉండటం. ఓనర్ అడిగింది రెండే: బండి మళ్లీ దున్నాలి, అందులో పెట్టే సామాను వీలైనంత వరకు ఆ కాలందే అయ్యుండాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది, పాత సామాను ఎక్కడ దొరుకుతుందని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మన బండిలో అసలు ఏముందో తేల్చుకోవడం మొదటిది. అరవై ఏళ్లు దాటిన ట్రాక్టర్ ఫ్యాక్టరీ గేటు దాటినప్పటిలా ఉండటం చాలా అరుదు. ఒకరి చేతిలో ఇంజిన్ మారి ఉంటుంది, ఇంకొకరి చేతిలో బానెట్ మారి ఉంటుంది. బండి పేరు చెప్పి సామాను అడిగితే ఆ పేరుకు సరిపోయేది ఇస్తారు. అది మన బండికి సరిపోతుందన్న నమ్మకం లేదు. ఈ 35 విషయంలో ఆ తేడా చాలా పెద్దదని తేలింది.

ముందు బండిని చదవడం

35 చరిత్ర కొంత తెలియకపోతే ఈ బండి అర్థం కాదు. 1953లో మాస్సీ-హారిస్, ఫెర్గూసన్ కంపెనీలు కలిశాయి. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో, బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో 1946 నుంచి తయారవుతున్న చిన్న బూడిద రంగు టీఈ20 స్థానంలో 1956లో ఫెర్గూసన్ ఎఫ్‌ఈ35 వచ్చింది. దాని రేకు భాగాలు బూడిద రంగు. ఇంజిన్, గేర్‌బాక్సు, వెనక హౌసింగు మాత్రం కంచు రంగు. 1957 చివర్లో రంగులు మారిపోయాయి. రేకులు ఎరుపు, కాస్టింగులు బూడిద, పేరు మాస్సీ ఫెర్గూసన్ 35. డీజిల్ మోడళ్లలో మొదట వాడింది స్టాండర్డ్ కంపెనీ నాలుగు సిలిండర్ల 23సీ ఇంజిన్. చలికి స్టార్ట్ కాదని దానికి చెడ్డపేరు ఉండేది. 1959లో మాస్సీ ఫెర్గూసన్ పెర్కిన్స్ కంపెనీని కొనేసింది. ఆ ఏడాది చివర్నుంచి 35లోకి మూడు సిలిండర్ల పెర్కిన్స్ 3.152 వచ్చింది. 91.4 మిల్లీమీటర్ల బోరు, 127 మిల్లీమీటర్ల స్ట్రోకు, రెండున్నర లీటర్ల ఇంజిన్. ఈ మోడల్‌కు ఇంత మంచి పేరు రావడానికి ఆ ఇంజినే కారణమని నా నమ్మకం.

ప్లేటు ఉండి ఉంటే ఇదంతా ఒక్క చూపులో తేలేది. 35 సీరియల్ నంబరుకు ముందుండే అక్షరాల్లో డి ఉంటే నాలుగు సిలిండర్ల డీజిల్, ఎన్ ఉంటే పెర్కిన్స్. ప్లేటు లేదు కాబట్టి ఇనుమునే అడగాలి.

ఇంజిన్ దగ్గర కష్టపడాల్సిన పని రాలేదు. బ్లాకు పక్కన జిడ్డు గీకి, వైర్ బ్రష్షుతో రుద్ది, తెల్ల సుద్దముక్క అడ్డంగా రాస్తే 152తో మొదలయ్యే నంబరు పైకి తేలింది. టార్చిలైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి వేస్తే అరిగిన అంకెలు కూడా నీడలో కనిపిస్తాయి. పెర్కిన్సే, అనుమానం లేదు.

వెనక హౌసింగు దగ్గరే కథ తిరిగింది. బోల్టు తలల చుట్టూ, బ్రష్షు సరిగ్గా అందని మూలల్లో, పాత రంగు పొరలు చెక్కుచెదరకుండా మిగిలి ఉంటాయి. బ్లేడుతో పలచగా గీకితే పైన బూడిద రంగు, దాని కింద ఇంకో బూడిద, అడుగున ఇనుముకు అంటుకుని మెరుపు పోయిన కంచు రంగు. నాలుగైదు చోట్ల గీకి చూశాను. గేర్‌బాక్సు మీదా అదే. అంటే ఈ బండి వెనక సగం 1956-57 నాటి ఎఫ్‌ఈ35. ఆ రోజుల్లో దానికి పెర్కిన్స్ 3.152 రానే లేదు. ఎవరో మొండి 23సీని దించేసి పెర్కిన్స్ ఎక్కించారు. బానెట్ గీకితే ఎరుపు కింద ప్రైమరు, దాని కింద రేకు, అంతే. బూడిద ఆనవాలే లేదు. అది తర్వాతి 35 నుంచి వచ్చిన బానెట్.

ఓనర్ తన దగ్గరున్నది 1960 తర్వాతి ఎర్ర మాస్సీ అనుకుంటున్నారు. నిజానికి ఉన్నది గ్రే-గోల్డ్ (బూడిద-కంచు రంగుల) ఫెర్గూసన్, పెర్కిన్స్ గుండెతో. ఆయనతో కూర్చుని మాట్లాడాను. పుట్టినప్పటి రూపానికి తీసుకెళ్లాలంటే 23సీ ఇంజిన్ వెతకాలి. దాని సామాను పెర్కిన్స్ కంటే చాలా అరుదు, పైగా ఆయనకు బండితో పని కావాలి. పెర్కిన్స్‌ను ఉంచుదామని ఇద్దరం అనుకున్నాం. ఈ మార్పు కూడా బండి చరిత్రలో భాగమే. అప్పట్లో దాన్ని బతికించిన మరమ్మతును చెరిపేయడం నాకూ ఇష్టం లేదు.

దీంతో కావాల్సిన సామాను లిస్టు రెండుగా చీలింది. ఇంజిన్ వైపు ఏది కావాలన్నా పెర్కిన్స్ పేరుతో వెతకాలి. క్లచ్ వెనక నుంచి ఏది కావాలన్నా తొలి 35 పేరుతో వెతకాలి. ఈ రెండూ కలిసే చోట, అంటే ఫ్లైవీలు, క్లచ్ దగ్గర, ఏ పేరూ నమ్మకూడదు. అక్కడ కొలతే దిక్కు.

ఎక్కడెక్కడ వెతకొచ్చు

35 విషయంలో అదృష్టం ఏంటంటే, దాని బంధుగణం పెద్దది. 1964లో వచ్చిన మాస్సీ ఫెర్గూసన్ 135 దీనికి వారసుడు. ఇంజిన్ కుటుంబం అదే, వెనక హౌసింగులోనూ చాలా పోలికలున్నాయి. బెల్‌గ్రేడ్‌లో లైసెన్సు మీద తయారైన ఐఎంటీ 533, 539 ట్రాక్టర్లు, భారత్‌లో 1960లో మొదలైన టాఫే కంపెనీ తయారుచేసిన 1035, ఇవన్నీ ఆ చెట్టు కొమ్మలే. పెర్కిన్స్ 3.152 అయితే ట్రాక్టర్లకే పరిమితం కాలేదు. జనరేటర్లలో, ఫోర్క్‌లిఫ్టుల్లో, పడవల్లో కూడా వాడారు. ట్రాక్టర్ సామాను దొరకనప్పుడు మూలనపడ్డ జనరేటర్ వైపు చూడటం చాలామందికి తట్టదు. పొలం దుమ్ము తినని ఇంజిన్ కాబట్టి క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే షాఫ్టు), కనెక్టింగ్ రాడ్లు మంచి స్థితిలో ఉండే అవకాశం ఎక్కువ. సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి), ఫ్లైవీలు, మానిఫోల్డు మాత్రం వాడకాన్ని బట్టి మారతాయి.

బంధుగణం పెద్దదైతే గందరగోళమూ పెద్దదే. అందుకే నంబర్లు చదవడం రావాలి. మాస్సీ ఫెర్గూసన్ పార్టు నంబర్ల చివర ఎం అక్షరం, దాని తర్వాత ఒక అంకె ఉంటాయి. ఎం1, ఎం2 అని ఉంటే విడి పార్టు. డిజైన్ మారిన కొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ఎం91, ఎం92 అలా ఉంటే అది కొన్ని పార్టులు కలిపిన అసెంబ్లీ. ఈ ఒక్క సంగతి తెలిసినా, పార్ట్స్ పుస్తకం చూసి ఆర్డరిచ్చేటప్పుడు సగం పొరపాట్లు తప్పుతాయి.

ఇంకో సంగతి. కాస్టింగు మీద ఉబ్బెత్తుగా పోతపోసిన నంబరు పార్టు నంబరు కాదు. అది పోత అచ్చుది. అదే పోతను ఒక రకంగా డ్రిల్ చేస్తే ఒక పార్టు, ఇంకో రకంగా మెషినింగ్ చేస్తే ఇంకో పార్టు. "నంబర్ కలిసింది సార్, పంపించేయనా?" అని ఫోన్లో అన్నప్పుడు నేను ఆగమంటాను. బోల్టు రంధ్రాల మధ్య దూరం, షాఫ్టు కూర్చునే రంధ్రం వ్యాసం, ఈ రెండూ వెర్నియర్ పెట్టి ఫొటో తీసి పంపమని అడుగుతాను. నిజంగా అమ్మాలనుకునేవాళ్లు పంపుతారు. పంపనివాళ్ల దగ్గర కొనకపోతే నష్టమేమీ లేదు.

లిఫ్ట్ పంపు

ఈ కేసులో ఎక్కువ కాలం తినేసింది హైడ్రాలిక్ పంపే. 35లో పంపు బయట కనిపించదు. వెనక హౌసింగులో, గేర్లకూ లిఫ్టుకూ ఉమ్మడిగా ఉండే ఆయిల్లో మునిగి ఉంటుంది. నాలుగు సిలిండర్ల పిస్టన్ పంపు. పీటీఓ షాఫ్టు (ఇంజిన్ శక్తిని వెనక పనిముట్లకు అందించేది) దాని మధ్య నుంచే వెళ్తూ స్ప్లైన్ల ద్వారా, అంటే షాఫ్టు మీది పళ్లలాంటి గాడుల ద్వారా, దాన్ని తిప్పుతుంది. పీటీఓ షాఫ్టు వెనక్కి లాగి, బరువైన లిఫ్ట్ కవర్ పైకెత్తితేగానీ పంపు చేతికి రాదు. ఆయిల్ ఉమ్మడిగా ఉండటం వల్ల గేర్ లీవర్ దగ్గర బూటు చిరిగి వాన నీళ్లు దిగితే నేరుగా పంపు దాకా పోతాయి. మా బండిలో జరిగింది అదే. ఆయిల్ పాలలా తెల్లబడింది. వాల్వు చాంబర్లు తుప్పు తిని గుంటలు పడ్డాయి. పిస్టన్లు కదిలే బోరులోనూ గీతలు. బాగు చేసే స్థితి దాటిపోయింది.

ఈ కుటుంబం పంపుల్లో కొన్నింటికి 10 స్ప్లైన్లు, కొన్నింటికి 21 స్ప్లైన్లు ఉంటాయి. చూపుకు ఒకేలా ఉంటాయి. మా బండి షాఫ్టుకు 10. ఒకతనికి ఫోన్ చేశాను.

"పంపు ఏ బండిదండీ?"

"మాస్సీ ముప్పై ఐదుదే సార్. గ్యారంటీ."

"కొంచెం శ్రమ అనుకోకుండా లోపల స్ప్లైన్లు లెక్కపెడతారా?"

కాసేపటికి లైన్లోకి వచ్చి "ఇరవై ఒకటి సార్" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ బండిలోకి అది ఎప్పుడో, ఎవరి చేతుల మీదుగానో తర్వాత వచ్చి ఉంటుంది.

షెల్ఫు మీద ఆరబెట్టినట్టు ఉన్న పాత పంపు కంటే, హౌసింగులో ఆయిల్లో మునిగి ఉన్న పంపు నయమని నా అనుభవం. గాలికి ఆరిన పంపులో వాల్వుల చుట్టూ తుప్పు మొదలవుతుంది, అది బయటికి కనిపించదు. అందుకే లిఫ్ట్ కవర్ ఇంకా విప్పని బండ్ల వైపు చూశాను. చివరికి ముందు ఇరుసు విరిగి పక్కన పెట్టేసిన ఒక తొలి 35 వెనక భాగం దొరికింది. బండి ఎందుకు పక్కన పడిందో అడిగి తెలుసుకోవడం ఇందుకే ముఖ్యం. ఇరుసు విరిగి ఆగిన బండిలో పంపు బాగుండే అవకాశం ఉంది. లిఫ్టు లేవక ఆగిన బండిలో పంపు కోసం వెతకడం వృథా.

అక్కడ డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంది గానీ తెల్లబడలేదు. వేళ్ల మధ్య రుద్దితే లోహపు రవ్వ తగల్లేదు. పంపు ఒక్కటే కాకుండా లిఫ్ట్ కవర్, రెండు కంట్రోల్ లీవర్లు, లోపలి లింకులు, పిన్నులు, స్ప్రింగులతో సహా మొత్తం అసెంబ్లీ తీసుకున్నాను. 35లో పొజిషన్ కంట్రోల్ (నాగలిని ఒక ఎత్తులో పట్టి ఉంచేది), డ్రాఫ్ట్ కంట్రోల్ (నాగలి మీద పడే లాగుడును బట్టి దాన్ని ఎత్తి దించేది) రెండూ ఉంటాయి. ఆ రెంటినీ పంపు వాల్వుకు కలిపే చిన్న లింకులు విడిగా దొరకడం చాలా కష్టం. పెద్ద పార్టు కొనేటప్పుడు దానికి వేలాడే చిన్న ముక్కలు వదిలేస్తే, పని ఆగేది ఆ చిన్న ముక్కల దగ్గరే.

పంపు విప్పి కడిగాక చూస్తే క్యామ్ బ్లాకులు బాగున్నాయి, చాంబర్లలో గుంటల్లేవు. సీళ్లు, రింగులు, వాల్వు సామాను కొత్తవి వేసి బిగించాం.

క్రాంకు

సంపు విప్పగానే అడుగున రాగి రంగు పొడి కనిపించింది. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్ పిన్నును పట్టుకునే చోటు) షెల్ బేరింగులు తీసి వెనక తిప్పి చూస్తే 030 అని ముద్ర. అంటే ఈ క్రాంకును ఎప్పుడో ముప్పై సైజుకు రుద్దారు. 3.152 క్రాంక్ పిన్ను కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 2.249 అంగుళాలు. పది సైజు, ఇరవై సైజు, ముప్పై సైజు అంటూ ఒక్కోసారి అంగుళంలో వెయ్యింట పది వంతులు తగ్గిస్తూ రుద్దుతారు. ముప్పై దాటితే ఆ క్రాంకుకు బేరింగు లేదు. మా పిన్నుల మీద గోరు ఆనిస్తే తగిలేంత గీతలు. ఇంకో క్రాంకు తప్పనిసరి.

పాత క్రాంకు కొనేటప్పుడు అమ్మేవాళ్లు చెప్పే సైజు మీద ఆధారపడకూడదు. మైక్రోమీటరుతో ఒక్కో పిన్నును రెండు దిక్కుల్లో, రెండు చివర్లా కొలవాలి. రెండు దిక్కుల మధ్య తేడా వస్తే పిన్ను గుండ్రం కోల్పోయింది. చివర్ల మధ్య తేడా వస్తే వాలు తిరిగింది. తర్వాత పగుళ్ల పరీక్ష. శుభ్రంగా తుడిచి ఎర్ర డై స్ప్రే చేసి, కాసేపాగి తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్నచోట సన్నటి ఎర్ర గీత వస్తుంది. పిన్ను అంచు వంపులో, ఆయిల్ రంధ్రం చుట్టూ బాగా చూడాలి. పగుళ్లు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

మాకు జనరేటర్ నుంచి విప్పిన 3.152 క్రాంకు దొరికింది. కొలిస్తే పది సైజు, గుండ్రం సరిగ్గా ఉంది, పగుళ్లు లేవు. కానీ వెనక చివర చూసి ఆగాను. ఈ ఇంజిన్లలో పాతవాటికి వెనక తాడు రకం ఆయిల్ సీలు, తర్వాతివాటికి లిప్ సీలు. రెండు రకాలకూ సీలు ఆనే చోట క్రాంకు వేరుగా ఉంటుంది. మా బ్లాకు తాడు సీలుది. దొరికిన క్రాంకు కూడా అదే రకమని సీలు హౌసింగు పక్కన పెట్టి నిర్ధారించుకున్నాకే డబ్బు ఇచ్చాను. ఇది చూడకుండా బిగిస్తే ఆయిల్ క్లచ్‌లోకి కారుతుంది. దాన్ని సరిచేయడానికి బండిని మళ్లీ రెండు ముక్కలు చేయాలి.

బండి రెండు ముక్కలుగా ఉన్నప్పుడే క్లచ్ సంగతీ తేలింది. బెల్ హౌసింగులో ఒకదానిలో ఒకటి దూరిన రెండు షాఫ్టులు కనిపించాయి, అంటే డ్యూయల్ క్లచ్. పెడల్ సగం నొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా నొక్కితేనే పీటీఓ, లిఫ్ట్ పంపు ఆగుతాయి. ఫ్లైవీలు పెర్కిన్స్‌ది, షాఫ్టులు ఫెర్గూసన్‌వి. కాబట్టి ప్లేట్ల వ్యాసం ఫ్లైవీలు మీద, స్ప్లైన్లు షాఫ్టు మీద కొలిచి ఆ కొలతలతోనే అడిగాను. బండి పేరు ఎక్కడా ఎత్తలేదు.

పాతవి వద్దన్నవి

ఏది పాతది కొనాలి, ఏది కొత్తది కొనాలి అన్నదానిపై నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. కాస్టింగులు, గేర్లు, షాఫ్టులు, లింకేజీ, రిమ్ములు, మందమైన రేకు భాగాలు పాతవే మేలు. ఆ ఇనుము నాణ్యత, ఆ అమరిక ఇప్పటి నకలు సామానులో చాలాసార్లు రాదు. సీళ్లు, బేరింగులు, ప్యాకింగులు, హోసులు, వైరింగు కొత్తవే. బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లయితే ఇంకా కచ్చితంగా కొత్తవే. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పాత డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదడం, పొడి బ్రష్షుతో దులపడం ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి తుడవాలి, మాస్కు పెట్టుకోవాలి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

డీజిల్ పంపు విషయంలో మా సొంత పంపునే ఉంచాం. ఇది సీఏవీ కంపెనీ డీపీఏ రకం. లోపలి హెడ్డు, రోటరు ఒకదానికొకటి జతగా రుద్దినవి. ఒక పంపు రోటరు తీసి ఇంకో పంపు హెడ్డులో వేయడం కుదరదు. మా దాంట్లో మీటరింగ్ వాల్వు పాత డీజిల్ జిగురుకు పట్టేసింది, సీళ్లు ఎండిపోయాయి, అంతే. టెస్ట్ బెంచి మీద కాలిబ్రేట్ చేయిస్తే సరిపోయింది. వెనక ఇరుసును తిప్పే గేర్ల జత, అంటే క్రౌన్ వీలు, పినియన్లదీ ఇదే సూత్రం. ఒకచోట మంచి పినియన్ ఒక్కటే ఇస్తామన్నారు. జత లేకుండా వద్దన్నాను. మా పాత జత పళ్ల మీద చిన్న చిన్న చుక్కలున్నా, ఏదీ విరగలేదు కాబట్టి దాన్నే కొనసాగించాం.

ట్రాక్టర్ మీటర్ ఒకటి చాలా అందమైనది దొరికింది, అద్దం మీద గీత కూడా లేదు. ఈ మీటర్లలో కేబుల్ సవ్యంగా తిరిగేవీ, అపసవ్యంగా తిరిగేవీ రెండూ ఉన్నాయి. కేబుల్‌ను చేత్తో తిప్పి చూస్తే ఇది మా ఇంజిన్‌కు ఎదురు దిశది. తీసుకోలేదు.

ఫలితం

ఇంజిన్ ఇప్పుడు వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెజర్ నిలబెడుతోంది. నాగలి తగిలించి లిఫ్టు ఎత్తి, ఇంజిన్ ఆపి వదిలేస్తే వెంటనే జారడం లేదు. గట్టి నేల తగిలినప్పుడు డ్రాఫ్ట్ కంట్రోల్ నాగలిని కొద్దిగా పైకి తీసుకుంటోంది. ఈ ట్రాక్టరును ఫెర్గూసన్ అనిపించేది అదే. మొదట్లో కొన్ని గంటల పని తర్వాత వెనక హౌసింగు ఆయిల్ మార్చాం, కడిగాక కూడా మూలల్లో మిగిలిన మురికి అందులో వచ్చేసింది. రంగు విషయంలో ఓనర్ ఎరుపే ఉంచమన్నారు. హౌసింగు కింద ఒక మూల మాత్రం, అడుగున ఉన్న కంచు రంగు పొర కనిపించేలా గీకి, పైన లక్క వేసి వదిలాను. రేపు ఇంకెవరైనా ఈ బండిని చదవాలనుకుంటే వాళ్లకు ఆధారం ఉండాలి.

బండితో పాటు ఒక కాగితం ఇచ్చాను. ఇంజిన్ పెర్కిన్స్ 3.152, క్రాంకు పది సైజు, వెనక తాడు సీలు. వెనక భాగం ఎఫ్‌ఈ35, పంపు 10 స్ప్లైన్లు, డ్యూయల్ క్లచ్, ప్లేట్ల వ్యాసాలు, స్ప్లైన్ల లెక్క. బోల్టులు అంగుళాల కొలతవి, మెట్రిక్ పెట్టొద్దు. ఏ పార్టు ఏ బండి నుంచి వచ్చిందో దాని ఎదురుగా రాశాను. ఓనర్ దాన్ని లామినేషన్ చేయించి టూల్ బాక్సులో పెట్టుకున్నారు.

స్టీరింగ్ బాక్సు పని ఇంకా మిగిలి ఉంది. దీంట్లో రెండు వైపులా రెండు చేతులు, వాటికి రెండు సెక్టర్ షాఫ్టులు. ఎడమ వైపు బుష్ దగ్గర ఆట ఎక్కువగా ఉంది. షాఫ్టు అరుగుదలను కొలిచి, ఫొటోలతో సహా ముగ్గురు నలుగురికి పంపాను. సరైన జత దొరికాక బాక్సు దించుతాను. అప్పటిదాకా రోడ్డు మీదికి తీసుకెళ్లొద్దని, పొలంలో నెమ్మదిగా మాత్రమే నడపమని ఓనర్‌కు చెప్పాను.